గీజర్లు పీకేశాం

మీటర్ల గదిలోంచి పొగ వచ్చింది జనవరిలో ఒక పొద్దున. ఆరున్నర అయి ఉంటుంది. నేను వంటింట్లో టీ వడకడుతున్నాను. కింద వాకిట్లో ముగ్గు వేస్తున్న వాచ్‌మన్ భార్య "పొగొస్తంది, పొగొస్తంది" అని కేకలు పెట్టింది. మాది బెజవాడ పటమటలో పాత అపార్ట్‌మెంటు. కింద పార్కింగ్, దాని మీద ఐదంతస్తులు, అంతస్తుకు నాలుగు ఫ్లాట్లు. నేనుండేది ఐదో అంతస్తులో. లిఫ్టు ఎక్కే ధైర్యం లేక మెట్లమీదుగా దిగాను. అరవై మూడేళ్ళ మోకాళ్ళు ఆ ఒక్కరోజుకీ నన్నేమీ అనలేదు.

అప్పటికే వాచ్‌మన్ మెయిన్ ఆపేశాడు. గదినిండా ప్లాస్టిక్ కాలిన కంపు. మెయిన్ నుంచి మీటర్లకు వెళ్ళే వైర్ల తొడుగు కరిగి గోడమీద నల్లగా చారలు కట్టింది. పైన బాల్కనీల్లో ఒంటికి సబ్బుతోనే తువ్వాళ్ళు చుట్టుకుని మగవాళ్ళు తొంగి చూస్తున్నారు.

లైన్‌మన్ వచ్చి చూసి పెదవి విరిచాడు.

"ఇది బిల్డింగు కట్టినప్పటి వైరండీ. అప్పుడు ఇంటికో ఫ్రిజ్జు, మూడు ఫ్యాన్లు. ఇప్పుడేమో ఇంటికి రెండు గీజర్లు. అందరూ ఆరింటికే నొక్కుతారు. వైరు మాత్రం ఎంతని మోస్తది?"

ఆ ఆదివారం సాయంత్రం పార్కింగ్‌లో కుర్చీలు వేసి మీటింగు పెట్టారు. మా అసోసియేషన్ ప్రెసిడెంటు గారు ఒకప్పుడు బట్టల షాపు నడిపిన మనిషి. మాట మెత్తన, పట్టు గట్టి. ఆయన రెండు ముక్కల్లో తేల్చేశారు. లావు కేబుల్ వేయించాలి. అది వేసేదాకా గీజర్లకు టైములు పెట్టుకోవాలి. ఆఫీసులకీ కాలేజీలకీ వెళ్ళేవాళ్ళున్న అంతస్తులు ముందు. ఐదో అంతస్తు ఎనిమిది దాటాక.

"ఎనిమిది దాటాక ఎందుకండీ?" అన్నాను.

"మీరు రిటైరైనవారు కదా మేడం గారూ. మీకు తొందరేముంటుంది?"

అందరూ నవ్వారు. నన్ను అవమానించాలని ఆయన ఆ మాట అనలేదు. అందుకే నాకు ఎక్కువ మండింది. నన్ను లెక్కలోంచి తీసేశారు, అంతే. పని మానేసిన ఆడమనిషి పొద్దున్నే స్నానం చేసి మాత్రం ఎక్కడికి వెళ్తుంది అనుకున్నారు.

"తప్పు వైరుది కాదండీ, గీజర్లది," అన్నాను. "నలభై గీజర్లు ఒకేసారి లాగుతుంటే ఎంత లావు వైరు వేసినా నాలుగేళ్ళకి మళ్ళీ ఇక్కడికే వస్తాం. గీజర్లు పీకేసి పైన హీట్ పంపు పెట్టుకుందాం. చుట్టూ ఉన్న గాలిలోంచి వేడి తీసుకుని నీళ్ళకిస్తుంది. గీజరు తాగే కరెంటులో చిన్న వంతు చాలు దానికి."

"గాలిలోంచి వేడా? చలికాలంలోనా?" అని వెనకనుంచి ఎవరో అన్నారు. మళ్ళీ నవ్వులు.

"మన బెజవాడ చలికాలం కూడా ఒక చలికాలమేనా?" అన్నాను. ఆ మాట ఎవరికీ వినపడలేదు. ప్రెసిడెంటు గారు చెయ్యెత్తి సద్దు మణిగించి, "మేడం గారూ, మీరు ల్యాబులో నీళ్ళు టెస్టు చేసేవారు. కరెంటు సంగతి మాకొదిలెయ్యండి," అన్నారు. మీటింగు అక్కడితో ముగిసింది.

నిజమే, నేను నీళ్ళు టెస్టు చేసేదాన్ని. థర్మల్ స్టేషన్‌లో కెమిస్టుగా చేరి, అక్కడే రిటైరయ్యాను. బాయిలర్‌లోకి వెళ్ళే నీళ్ళలో చిటికెడు ఉప్పున్నా పట్టుకోవాలి. లేకపోతే ఆ ఉప్పు పైపుల లోపల పెచ్చు కట్టి వేడిని అడ్డుకుంటుంది. షిఫ్టు డ్యూటీల్లో, పిల్లని మా అమ్మ దగ్గర వదిలి, మగవాళ్ళ మధ్య ఒక్కదాన్నే ఆ పని చేశాను. కరెంటు ఎలా పుడుతుందో నాకు ఎవరూ చెప్పనక్కర్లేదు. బొగ్గు మండించి నీళ్ళు మరిగిస్తారు. ఆ ఆవిరితో చక్రం తిప్పుతారు. మధ్యలో సగానికి పైగా వేడి గాలిపాలూ నీటిపాలూ అవుతుంది. మిగిలింది తీగల మీద మన ఇంటిదాకా వస్తుంది. దాన్ని మనం ఏం చేస్తాం? మళ్ళీ నీళ్ళు కాచుకుంటాం! నీళ్ళు కాచి తెచ్చిన కరెంటుతో నీళ్ళు కాచుకోవడం. ఉద్యోగంలో ఉన్నంతకాలం ఇది నాకు తట్టనే లేదు. గుంటూరులో ఒక నర్సింగు హాస్టల్ వార్డెన్ నా చిన్ననాటి స్నేహితురాలు. తన హాస్టల్ కప్పు మీద హీట్ పంపు చూపించినప్పుడు తట్టింది. ఏసీ బయట పెట్టే పెట్టెలాంటి పెట్టె, పక్కన తొడుగు వేసిన ట్యాంకు. ఇంతకీ అది తిరగేసిన ఫ్రిజ్జు. ఫ్రిజ్జు లోపలి వేడిని లాగి వెనక్కి వదులుతుంది, ఇది బయటి వేడిని లాగి నీళ్ళలోకి వదులుతుంది.

మీటింగు అయిన మర్నాడు పొద్దున నా తలుపు ఎవరో తట్టారు. రెండో అంతస్తులో ఉండే ఆవిడ. యాభై ఏళ్ళుంటాయి. వాళ్ళది కొల్లేరు పక్క ఊరు, తరాలుగా చేపల వ్యాపారం. భార్యాభర్తలిద్దరూ కైకలూరు నుంచి చేపలు బయటి ఊళ్ళకు పంపిస్తారు. మా బిల్డింగులో వాళ్ళకోసమే ఒక రూలు పెట్టారు, లిఫ్టులో చేపలు తేకూడదని. నోటీసు బోర్డు మీద ఎర్ర సిరాతో రాసి ఉంటుంది. ఐదేళ్ళలో మేమిద్దరం నమస్కారాలే తప్ప మాట్లాడుకున్నది లేదు.

"మేడం గారూ, నిన్న మీరు చెప్పింది నాకర్థమైందండీ," అంది గుమ్మంలోనే నిలబడి. "ఆళ్ళకి ఎక్కలేదు గానీ, నాకు ఎక్కింది."

లోపలికి రమ్మన్నాను. కూర్చుంది.

"మా తమ్ముడికి ఐసు ఫ్యాక్టరీ ఉందండీ. ముందు గదిలో ఐసు గడ్డకడతా ఉంటది. వెనక కంప్రెసర్ నుంచొచ్చే పైపు మీద చెయ్యేశామంటే బొబ్బే. నీళ్ళలోంచి లాగిన వేడంతా అక్కడికొస్తది. మీరు చెప్పేది కూడా అదేగా?"

ఇంజనీర్లున్న బిల్డింగు మాది. బ్యాంకు వాళ్ళున్నారు, లెక్చరర్లున్నారు. ఒక్కరికీ ఎక్కని విషయాన్ని ఈవిడ మూడు మాటల్లో నాకే తిరిగి చెప్పింది.

"అచ్చం అదేనమ్మా," అన్నాను.

"అయితే ఒకసారి వచ్చి చూడండి. మా తమ్ముడు ఆ వేడితో ఏం చేస్తన్నాడో."

ఆ శుక్రవారం ఇద్దరం కైకలూరు బస్సెక్కి వెళ్ళాం. ఐసు ఫ్యాక్టరీ చెరువుల మధ్య రోడ్డు పక్కన ఉంది. లోపల ఉప్పునీళ్ళ తొట్టిలో డబ్బాలు వరసగా ముంచి ఉన్నాయి. గడ్డలు పైకి లేపుతుంటే చలికి పళ్ళు కటకటలాడాయి. తమ్ముడు మమ్మల్ని వెనక్కి తీసుకెళ్ళాడు. అక్కడ వేరే ఊళ్ళో ఉన్నట్టే ఉంది. ఇంజన్ల చప్పుడు, ఉడుకు. కంప్రెసర్ నుంచి వచ్చే వేడి పైపును ఒక పెద్ద నీళ్ళ డ్రమ్ము గుండా తిప్పారు. డ్రమ్ముకి కుళాయి. దాని కింద ఇద్దరాడవాళ్ళు చేపల ట్రేలు కడుగుతున్నారు. నీళ్ళలోంచి ఆవిరి లేస్తోంది.

"ఇంతకుముందు కట్టెలు పెట్టి కాచేవాళ్ళమండీ," అన్నాడు తమ్ముడు. "మెకానిక్కు చెప్పాడు, ఊరికే పోయే వేడి కదా అని. అప్పట్నుంచీ పొయ్యి వెలిగించలా."

నేను బ్యాగులోంచి థర్మామీటరు తీసి కుళాయి కింద పెట్టాను. ల్యాబు అలవాటు, బ్యాగులో అది లేకుండా నేను బయటికి వెళ్ళను. స్నానానికి చన్నీళ్ళు కలుపుకోవాల్సినంత వేడి. ట్రేలు కడిగే ఆవిడ నన్ను చూసి, "జొరం చూస్తన్నారేంటమ్మా నీళ్ళకి?" అంది. చాలా కాలం తరవాత నేను మనసారా నవ్వాను.

తిరిగొచ్చేటప్పుడు బస్సులో ఆవిడ నన్ను అక్కా అని పిలిచింది. అప్పట్నుంచీ నాకావిడ చెల్లెమ్మ. మా ఎత్తు అక్కడే వేసుకున్నాం. బిల్డింగు మొత్తాన్ని ఒప్పించడం ఇద్దరు ఆడవాళ్ళ వల్ల అయ్యే పని కాదు. కాని మా ఇద్దరి ఫ్లాట్లూ ఒకే వరసలో, ఒకదాని కింద ఒకటి ఉన్నాయి. ఆ వరసలో ఉన్నవి ఐదిళ్ళే. ఐదిళ్ళ బాత్రూములకు ఒక హీట్ పంపు, ఒక ట్యాంకు, ఒక పైపు చాలు. మిగతా పదిహేనిళ్ళ వాళ్ళు చూస్తారు. చూశాక వాళ్ళిష్టం.

మూడో అంతస్తు యజమాని వేరే ఊళ్ళో ఉంటాడు. అద్దెకున్న వాళ్ళు ఫోన్‌లో మాట్లాడి ఒప్పించారు. మొదటి అంతస్తులో ఒంటరిగా ఉండే లెక్చరర్ గారి దగ్గరికి సంకోచిస్తూ వెళ్ళాను. ఆయన కళ్ళజోడు తుడుచుకుంటూ, "మీటింగులో మిమ్మల్ని చూసి నవ్వినవాళ్ళలో నేనూ ఉన్నానమ్మా. అప్పట్నుంచీ మనసు బాగాలేదు. నన్నూ చేర్చుకోండి," అన్నారు. ఇబ్బందంతా నాలుగో అంతస్తులో వచ్చింది. చంటిబిడ్డ ఉన్న చిన్న జంట. ఆ అమ్మాయి అన్నీ విని, గొంతు తగ్గించి అడిగింది.

"అంతా ఒకే ట్యాంకు కదా ఆంటీ. రెండో అంతస్తు వాళ్ళు చేపల వాళ్ళు కదా, మరి... నీళ్ళు..."

"ఇప్పుడు మీ కుళాయిలోనూ వాళ్ళ కుళాయిలోనూ వచ్చేది ఒక్క ట్యాంకు నీళ్ళేనమ్మా," అన్నాను. "ఇన్నేళ్ళలో ఎప్పుడైనా వాసనొచ్చిందా?"

ఆ అమ్మాయి ముఖం ఎర్రబడింది. నేను మెత్తబడలేదు. అలాంటి మాటకి మెత్తబడకూడదని నా చిన్నప్పుడే నేర్చుకున్నాను. మిషన్ స్కూలు మాస్టారి కూతుర్ని నేను. నేను ముట్టుకున్న కుండలో నీళ్ళు తాగనివాళ్ళ ఇళ్ళ ముందునుంచే కాలేజీకి వెళ్ళాను. రెండు రోజుల తరవాత ఆ అమ్మాయే పైకొచ్చి సరేనంది.

ఇక మిగిలింది కప్పు. తాళంచెవి ప్రెసిడెంటు గారి దగ్గరుంటుంది. పైన రేకుల గదిలో ఉండే వాచ్‌మన్ దగ్గర ఇంకోటి ఉన్నా, ఆయన మాట లేనిదే ఎవరికీ తీయడు. అడిగితే ఇవ్వనన్నారు. కప్పు అందరిదీ కాబట్టి ఒక వరస వాళ్ళకివ్వడం కుదరదన్నారు.

"ఎందుకు కుదరదో కాయితం మీద రాసివ్వండి," అన్నాను.

"రాయడాలెందుకండీ, ఇరుగుపొరుగు వాళ్ళం."

ప్లాంటులో నేర్చుకున్న పాఠం ఇది, నోటితో ఇచ్చిన ఆర్డరు ఆర్డరు కాదు. మూడుసార్లు అడిగాను, మూడుసార్లూ రాయలేదు. నీళ్ళ ట్యాంకులు కడిగే రోజు వాచ్‌మన్ కప్పు తలుపు తీశాడు. నేను, చెల్లెమ్మ, లెక్చరర్ గారు కుర్చీలు పట్టుకుని పైకెక్కి కూర్చున్నాం. బిల్డింగుల లెక్కలు తెలిసిన ఇంజనీరును ముందే పిలిపించి పెట్టుకున్నాను. ఆయన టేపు పట్టుకుని దూలాలు ఎక్కడెక్కడ ఉన్నాయో కొలుస్తున్నాడు.

కాసేపటికి ప్రెసిడెంటు గారు రొప్పుకుంటూ వచ్చారు.

"ఎవరినడిగి ఎక్కారు?"

"ఈ కప్పు కిందే నేను పడుకునేదండీ," అన్నాను. "ఏప్రిల్లో ఇది నా నెత్తిమీద పెనంలా కాలుతుంది. మీరు మొదటి అంతస్తులో ఉంటారు, ఈ ఎండ సంగతి మీకు తెలియదు. ఇన్నేళ్ళు దీన్ని మోసిందాన్ని, ఎక్కడానికి ఒకరినడగాలా?"

"పాత స్లాబు మేడం గారూ. ట్యాంకు బరువుకి కుంగితే?"

ఆ ప్రశ్న న్యాయమైనది. ఇంజనీరు వైపు చూశాను. ఆయన గోడ పక్కన చూపించి, ఇక్కడ స్తంభాల మీద దూలం వెళ్తోందని, ఇనప స్టాండు వేసి దాని మీద పెడితే బరువు స్లాబు మీద పడదని చెప్పాడు. మధ్యలో మాత్రం పెట్టొద్దని గట్టిగా అన్నాడు.

"సరే, కారితే?" అన్నారు ప్రెసిడెంటు గారు.

"కారితే మొదట తడిసేది నా మంచం."

ఆయన గోడ పక్కకి వెళ్ళి దూలం ఉన్న చోట కాలితో తొక్కి చూశారు. తరవాత, "అయితే మీరే రాసివ్వండి, ఏం జరిగినా బాధ్యత మీదేనని," అన్నారు. ఆయన రాయని కాయితం నన్ను రాయమంటున్నారు. లెక్చరర్ గారి జేబులోంచి పెన్ను తీసుకుని అక్కడే, కుర్చీ చేతి మీద పెట్టి రాశాను. చెల్లెమ్మ చదివించుకుని విని, నా సంతకం కింద తనూ సంతకం పెట్టింది. "మా అక్కదొక్కదానిదే కాదండీ, నాది కూడా," అంది. లెక్చరర్ గారు మూడో సంతకం పెట్టారు. ప్రెసిడెంటు గారు కాయితం మడిచి జేబులో పెట్టుకుని దిగిపోయారు. కప్పు తలుపు ఆ రోజునుంచీ తీసే ఉంది.

ఫిబ్రవరిలో యంత్రం వచ్చింది. గీజర్లు పీకే రోజు ప్లంబరు మొదట మా ఇంట్లోదే విప్పాడు. లోపలి కాయిల్ చూసి నేనే నిర్ఘాంతపోయాను. బోరు నీళ్ళ ఉప్పు దానిమీద బొటనవేలంత మందాన తెల్లటి పెచ్చులా కట్టి ఉంది. ఉద్యోగమంతా బాయిలర్ పైపుల్లో ఉప్పు పేరుకోకుండా కాపలా కాసినదాన్ని. నా సొంత బాత్రూములో పదేళ్ళు ఈ పెచ్చును వేడి చేసుకుంటూ కూర్చున్నాను. సిగ్గేసింది. ఆ కాయిల్ పారేయనివ్వలేదు. కొత్త ట్యాంకులోకి బోరు నీళ్ళు వద్దని, మున్సిపాలిటీ కృష్ణా నీళ్ళే ఎక్కించమని పట్టుబట్టాను. పని పట్టిన కాంట్రాక్టరు విసుక్కున్నాడు. విసుక్కోనీ అనుకున్నాను.

యంత్రాన్ని పొద్దున నడపలేదు. మధ్యాహ్నం ఎండ బాగా ఉన్నప్పుడు నడిపేలా టైము పెట్టించాను. అప్పుడైతే గాలి వేడిగా ఉంటుంది కాబట్టి దానికి శ్రమ తక్కువ. కాగిన నీళ్ళు ట్యాంకులో మర్నాటిదాకా నిలవుంటాయి. పొద్దున మీటర్ల గది మీద మా ఐదిళ్ళ బరువు పడదు.

మొదటిరోజు నా కుళాయిలో నీళ్ళు పొగలు కక్కాయి. ఆ ఆవిరిలో కాసేపు ఊరికే నిలబడ్డాను. బయటికొచ్చేసరికి ఫోను మోగుతోంది. కింద లెక్చరర్ గారు. "అమ్మా, నీళ్ళు గోరువెచ్చగా కూడా లేవు. నేను స్టవ్ మీద కాచుకున్నాను," అన్నారు నొచ్చుకుంటూ. రెండో అంతస్తులోనూ అంతంతమాత్రమే. తొమ్మిదయ్యేసరికి ఈ కబురు బిల్డింగంతా పాకింది. లిఫ్టు దగ్గర ప్రెసిడెంటు గారు నన్ను చూసి ఏమీ అనలేదు. చిన్నగా తలూపారు, అంతే. నోరు తెరిచి ఏదైనా అని ఉంటే నేనూ తిరిగి అనేదాన్ని.

థర్మామీటరు తీసుకుని అంతస్తు అంతస్తుకీ దిగాను. వేడినీళ్ళ పైపు ప్రతి ఇంటి వెనక గిన్నెలు కడిగే వరండాలోంచి కిందికి వెళ్తుంది. ఐదో అంతస్తులో సరిగ్గా ఉంది. నాలుగులో కొంచెం తగ్గింది. మూడులో ఇంకా తగ్గింది. పైపు మీద చెయ్యి వేస్తే కారణం తెలిసిపోయింది. వేడి చేతికి తగులుతోంది. కాంట్రాక్టరు కప్పు మీద కనపడేంత మేరకే తొడుగు వేసి, కింద అన్ని అంతస్తుల్లోనూ పైపును బోడిగా వదిలేశాడు. ఫోన్ చేస్తే, తొడుగు స్టాకు లేదని, రెండు వారాలు పడుతుందని చెప్పాడు.

"రెండు వారాలు ఆగితే మన పని అయిపోయినట్టే అక్కా," అంది చెల్లెమ్మ. "ఈలోపు ప్రెసిడెంటు గారు గీజర్లు మళ్ళీ పెట్టిచ్చేస్తారు. ఉండు, నా దగ్గరొకటుంది."

సాయంత్రానికి ఆటోలో థర్మోకోల్ డబ్బాలు దించింది. ఐసు వేసి చేపలు పంపే డబ్బాలు. విరిగిపోయి పక్కన పడేసినవి, కడిగి ఎండబెట్టినవి. ఐసుని రెండు రోజులు కరగనివ్వని డబ్బా వేడిని మాత్రం పోనిస్తుందా? ఇద్దరం కూరగాయల కత్తులతో వాటిని పట్టీలుగా కోశాం. ఒక్కో వరండాలో స్టూలెక్కి పైపు చుట్టూ పేర్చి టేపు చుట్టాం. నాలుగో అంతస్తు అమ్మాయి బిడ్డని చంకనేసుకుని టేపు చింపి అందించింది. చెల్లెమ్మ స్టూలు మీదనుంచే, "చేపల డబ్బా అమ్మా, పర్లేదా?" అని అడిగింది. "టేపు పట్టుకోండాంటీ," అంది ఆ అమ్మాయి.

మర్నాడు మొదటి అంతస్తులో నీళ్ళు వేడిగా వచ్చాయి. లెక్చరర్ గారు నేను ఫోన్ చేసేదాకా ఆగలేదు. తల తుడుచుకుంటూ నాలుగంతస్తులెక్కి వచ్చి చెప్పి వెళ్ళారు.

బిల్డింగుకి చేపల డబ్బాలు కట్టారని ఎవరో అన్నారట. థర్మోకోల్ నిప్పుకి ఆగదు కాబట్టి స్టాకు రాగానే అది తీయించి నల్ల రబ్బరు తొడుగులు వేయించాం. ఎవరో అన్నారని మాత్రం తీయలేదు. ఉన్న రెండు వారాలూ తెల్లగా, బయటికి కనపడుతూ, ఠీవిగా ఉంది.

ఏప్రిల్‌లో ఇంకో గొడవైంది. వేడి లాక్కున్నాక ఆ యంత్రం బయటికి వదిలేది చల్లగాలి. వాచ్‌మన్ కుటుంబం ఉండేది కప్పు మీద రేకుల గదిలో. ఆయన భార్య మధ్యాహ్నం పూట ఆ గదిలోనే బిల్డింగు వాళ్ళ బట్టలు ఇస్త్రీ చేస్తుంది. పైన రేకు కాగుతుంది, చేతిలో ఇస్త్రీపెట్టె కాగుతుంది. సరిగ్గా ఆ వేళకే పది అడుగుల దూరంలో మా యంత్రం చల్లగాలిని ఊరికే ఎండలోకి ఊదుతోంది. చూస్తూ ఊరుకోలేకపోయాను. రేకు గొట్టం ఒకటి చేయించి ఆ గాలిని గది కిటికీలోకి మళ్ళించాను. రోజుకి రెండు మూడు గంటల చల్లదనం. మే నెలలో వేడినీళ్ళ వాడకం తగ్గాక అంత కూడా ఉండదు. అయినా ఆవిడ మొదటిరోజు ఇస్త్రీపెట్టె పక్కన పెట్టి, గొట్టం ముందు ముఖం పెట్టి కళ్ళు మూసుకుంది.

ప్రెసిడెంటు గారు ఈసారి మెత్తగా మాట్లాడలేదు.

"వాచ్‌మన్‌కి ఏసీ పెడతారా మీరు? ఇదెక్కడి చోద్యం?"

"పెడతానండీ," అన్నాను.

"రేపు అందరు వాచ్‌మన్లూ అడుగుతారు."

"అడగనివ్వండి. ఆవిడ ఇస్త్రీ చేసిన చొక్కానే మీరిప్పుడు వేసుకుని ఉన్నారు."

ఆయన చొక్కా వంక చూసుకున్నారు. గొట్టం తీయించమని తీర్మానం పెడతానన్నారు. పెట్టారు కూడా. మీటింగులో చేతులెత్తమంటే ఆయన వరస వాళ్ళు ముగ్గురెత్తారు. వద్దని మా ఐదిళ్ళూ ఎత్తాయి. ఆ వెనక, మేం అడగని ఇళ్ళలోంచి ఇంకో నాలుగైదు చేతులు లేచాయి. గొట్టం ఉంది. ఆ మీటింగులోనే రెండో వరస వాళ్ళు తమకూ పెట్టించమని నన్నడిగారు. నా గీజరు కాయిల్‌ని అందరూ చేతులు మార్చి చూశారు. లావు కేబుల్ మాట ఎవరూ ఎత్తలేదు. కాలిన ముక్క మేరకు మార్చింది చాలన్నారు.

అందరికీ నేను చేసింది నచ్చిందని చెప్పను. ఈ మధ్య కొండపల్లిలో ఒక ఫంక్షన్ హాల్లో మా ప్లాంటులో రిటైరైన వాళ్ళమంతా కలిశాం. నాతోపాటు కంట్రోల్ రూములో పనిచేసిన ఆయన, నాకు అన్నయ్యలాంటి మనిషి, పది మందిలో అడిగాడు.

"ఏమ్మా, కరెంటు అమ్ముకుని బతికినవాళ్ళం మనం. ఆ ఉప్పు తిని, ఇప్పుడు ఇల్లిల్లూ తిరిగి కరెంటు వాడొద్దని చెప్తున్నావంట?"

పక్కనున్నవాళ్ళు ముసిముసిగా నవ్వారు. నా చేతిలో బిర్యానీ ప్లేటుంది. దాన్ని బల్ల మీద పెట్టాను.

"వాడొద్దని కాదన్నయ్యా, పారబోయొద్దంటున్నాను. మే నెలలో బాయిలర్ పక్కన నిలబడి శాంపిల్ పట్టినదాన్ని నేను. నువ్వు పండగలకి ఇంటికెళ్ళకుండా ఆ మీటర్ల ముందు కూర్చున్నావు. మనం అంత కష్టపడి తీసిన కరెంటుని ఉప్పు పెచ్చు కట్టిన కాయిల్ మీద పోసేస్తుంటే నీకు కోపం రాదా? నాకొస్తుంది. ఉప్పు తిన్నాను కాబట్టే వస్తుంది."

"అందరూ నీలాగే చేస్తే ప్లాంట్లు మూసుకోవాలి."

"మన అన్నం కోసం జనం పాత వైర్ల మధ్య కాలిపోవాలా అన్నయ్యా?"

ఆయన ఒప్పుకోలేదు. ప్లేటు పట్టుకుని వేరే బల్ల దగ్గరికి వెళ్ళి కూర్చున్నాడు. బాధేసింది. నా భర్త పోయినప్పుడు అన్నీ దగ్గరుండి చూసిన మనిషి ఆయన. కాని ఆయన కోసం నా మాట వెనక్కి తీసుకోలేదు, తీసుకోను కూడా. చెయ్యి కడుక్కుని, ఆయన దగ్గరికి వెళ్ళి, వెళ్ళొస్తానన్నయ్యా అని చెప్పాను. మంచిదమ్మా అన్నాడు, నా వైపు చూడకుండా.

బస్సులో ఉండగా చెల్లెమ్మ ఫోన్ చేసింది. మూడో వరస పైపుల వాళ్ళు పొద్దున్నే వస్తామన్నారట. ఆ వరసలో ఒకాయనకి మళ్ళీ అనుమానాలొచ్చాయట, గీజరు పీకనివ్వనంటున్నాడట.

"పొద్దున మాట్లాడదాంలే. నువ్వూ రా," అన్నాను.

"వస్తాలే అక్కా. ఇంట్లో చేపల పులుసుంది, రాత్రికి తెమ్మంటావా?"

"తీసుకురా," అన్నాను. "లిఫ్టులోనే తీసుకురా."